గోడ మీదుగా వచ్చిన కరెంటు

కొన్నేళ్ళుగా నేనొక మెప్పును మోస్తున్నాను. అది నాది కాదు. మా పేటలో పెద్దవాళ్ళు ఎవరు కనిపించినా నా చేయి పట్టుకుని, ఆ తుఫాను రోజు సంగతి ఎత్తి, నువ్వు తెచ్చిన బ్యాటరీ కదయ్యా ఆయన్ని కాపాడింది అంటారు. నేను తల దించుకుంటాను. దాన్ని వాళ్ళు వినయం అనుకుంటారు. ఆ తర్వాత ఇంకొంచెం మెచ్చుకుంటారు. నిజం చెప్పడానికి నాకు దొరికిన ప్రతి అవకాశమూ ఇలా మరో మెప్పుగా మారి, పాత బరువు మీద కొత్త బరువై కూర్చుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మా కుటుంబంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. చదివింది కామర్స్. అయితే మా వాళ్ళ లెక్కలో చదువు అంటే అన్నీ తెలియడం. మందుల చీటీలో ఏముందో, ఏ ఫోను మంచిదో, పిల్లల్ని ఏ కాలేజీలో వేయాలో, అన్నీ నన్నే అడిగేవారు. నాకు తెలియదు అనే మాటను నేను ఎప్పుడు వాడటం మానేశానో నాకే గుర్తు లేదు. అది గర్వమా? లేక, కూలికి వెళ్ళి నన్ను చదివించినవాళ్ళను నిరాశపరచకూడదనే భయమా? ఈ ప్రశ్న చాలాసార్లు వేసుకున్నాను. భయమే అని తేలితే బాగుండునని కోరుకున్నాను. ఆ కోరికలోనే నాకు జవాబు కనిపించింది.

మా మేనత్త సువార్తమ్మ భర్త, అంటే మా మావయ్య, పనిచేయగలిగినంత కాలం రైసు మిల్లులో పనిచేశాడు. తవుడు, ఊక దుమ్ము పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇంట్లోనే ఆక్సిజన్ మిషను పెట్టుకోవాలని డాక్టరు గారు చెప్పారు. అది కరెంటు మీద నడుస్తుంది. మన చుట్టూ ఉన్న గాలినే లోపలికి తీసుకుని, అందులోని ఆక్సిజన్‌ను వేరు చేసి, సన్నటి గొట్టం గుండా ముక్కుకు అందిస్తుంది. రొద ఎక్కువని దాన్ని వెనక వరండాలో పెట్టి, పొడుగాటి గొట్టం వేసి, మధ్య గదిలోని మంచం దాకా లాగారు. మావయ్య దానికి రెండో పెళ్ళాం అని పేరు పెట్టాడు. రాత్రింబవళ్ళు గొణుగుతూనే ఉంటుంది, గొణగడం ఆపిన రోజున నా పని సరి, అనేవాడు. మొదటిది గొణిగితే మాత్రం ఈయనకు వినపడదు, అని అత్తయ్య వంటింట్లోంచి చురక అంటించేది.

వాళ్ళ ఇల్లు కూచిపూడికి అవతల, కాలవ వెంబడి వెళ్తే వచ్చే ఊళ్ళో, మా పేట చివర ఉంది. అక్కడ గాలి గట్టిగా వీస్తే కరెంటు పోతుంది. అలాంటప్పుడు వాడుకోవడానికి అద్దెకు తెచ్చిన ఆక్సిజన్ సిలిండరు ఒకటి ఉండేది. దాన్ని తిప్పడం, మోయడం అత్తయ్యకు చేతకావడం లేదు. ఇన్వర్టరు, బ్యాటరీ పెట్టించుకుందామని నిశ్చయించుకున్నారు. ఏది కొనాలో ఎవరిని అడుగుతారు? విజయవాడలో ఉద్యోగం చేస్తున్నవాణ్ణి, చదువుకున్నవాణ్ణి, నన్నే అడిగారు.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక పెద్ద దుకాణానికి వెళ్ళాను. అక్కడ నిలబడినప్పుడు కలిగిన విస్మయం ఇప్పటికీ నాలో ఉంది. ఎక్కడో నీళ్ళ నుంచో బొగ్గు నుంచో పుట్టి, తీగల వెంట ఊళ్ళు దాటి వచ్చిన శక్తి, ఒక పెట్టెలో సద్దు లేకుండా కూర్చుని, మనకు అవసరమైన క్షణంలో లేచి వస్తుంది. ఒక మనిషి ఊపిరిని అలా దాచిపెట్టుకోవచ్చు. నేల మీద వరుసగా, నీళ్ళు పోసుకునే నల్లటి పెద్ద బ్యాటరీలు ఉన్నాయి. గోడకు తెల్లటి లిథియం పెట్టెలు ఉన్నాయి, పలచగా, అందంగా. నా కళ్ళు గోడ మీదే ఉండిపోయాయి.

దుకాణంలోని అబ్బాయి మర్యాదగా, దీని మీద ఏమేం నడుస్తాయి సార్ అని అడిగాడు. చెప్పాను. ఆక్సిజన్ మిషను ఎన్ని వాట్లు సార్ అని అడిగాడు. మిషను వెనకే రాసి ఉంటుంది, ఇంటికి ఒకసారి ఫోను చేయండి, సైజు దాన్ని బట్టే తేలుతుంది అన్నాడు.

నేను ఫోను చేయలేదు. పక్కనే మరో ఇద్దరు కొనుగోలుదారులు నిలబడి వింటున్నారు. అత్తయ్యకు చదవడం రాదు; పక్కింటి పిల్లలెవరినైనా పిలిపించి, అంకె చదివించి, నేను దాన్ని గట్టిగా తిరిగి పలికి, ఇంత చిన్న విషయం తెలుసుకోకుండా వచ్చానని వాళ్ళ ముందు ఒప్పుకోవాలి. నోటికి వచ్చిన అంకె ఒకటి చెప్పాను. ఆ అబ్బాయి దాన్ని నమ్మి లెక్క కట్టి, అయితే ఈ చిన్నది సరిపోతుంది సార్, పగలంతా వస్తుంది అన్నాడు. నిజమైన అంకె దానికి రెట్టింపుకు మించి ఉంటుందని తర్వాత తెలిసింది.

పెట్టె వెనక వరండా గోడకెక్కిన రోజున మావయ్య దాన్ని మంచం మీద నుంచి మెడ చాచి చూసి, మా ఇంట్లో ఇక కరెంటు కూడా డిగ్రీ పాసైంది అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్య నేనొక సలహా ఇచ్చాను: ఇంత మంచి బ్యాటరీ ఉండగా ఇంకా సిలిండరు దండగ, తిరిగి ఇచ్చేయండి. ఇచ్చేశారు. నేను చెప్పాను కాబట్టి ఇచ్చేశారు.

చిన్న చిన్న కరెంటు కోతలకు బ్యాటరీ చక్కగా పనిచేసింది. నా అజ్ఞానం బయటపడే అవసరం రాలేదు. అంతలో తుఫాను వచ్చింది.

ఆ రోజు నేను సెలవు పెట్టి అక్కడే ఉన్నాను. తెల్లవారుతూనే కరెంటు పోయింది. పెట్టె మీద వెలిగే చిన్న దీపాలు, దుకాణం అబ్బాయి చెప్పిన పగటిలో సగం గడవకముందే, ఒకదాని తర్వాత ఒకటి ఆరిపోసాగాయి. చూస్తూ నిలబడ్డాను. బయట చెట్లు పడి దారి మూసుకుపోయింది. ఆటో లేదు, అంబులెన్సుకు ఫోను కలవడం లేదు. పేటలోని వాళ్ళు వచ్చి మంచం చుట్టూ చేరి ప్రార్థన మొదలుపెట్టారు. మా వాళ్ళు ప్రార్థనలో కళ్ళు మూస్తే ఆమేన్ దాకా తెరవరు. పసిపిల్లలు కూడా తెరవరు. నేను ఒక్కణ్ణే కళ్ళు తెరిచి, వెనక వరండాలో, ఆఖరి దీపం వంక చూస్తున్నాను.

అది ఆరింది. మిషను ఆగింది.

ఆ నిశ్శబ్దాన్ని నేను వర్ణించలేను. వాన రేకుల మీద మోగుతూనే ఉంది, లోపల ప్రార్థన హోరెత్తుతూనే ఉంది, అయినా అది నిశ్శబ్దమే. తర్వాత మావయ్య దగ్గు. తర్వాత అత్తయ్య గొంతు అందరి గొంతుల కన్నా పైకి లేచింది.

మా పేటకు, ఊరికి మధ్య ఒక గోడ ఉంది. అత్తయ్య వాళ్ళ వెనక వరండాను ఆనుకుని, అవతల సీతారావమ్మ గారి గేదెల దొడ్డి. ఆమెది రైతు కుటుంబం. పాలు, పెరుగు అమ్ముతారు. వాటిని నిలవ చేసే పెద్ద ఫ్రిజ్జు కోసం రెండు పెద్ద బ్యాటరీలు పెట్టించుకున్నారు. దొడ్డి కడిగిన నీళ్ళు తూములోంచి అత్తయ్య వాళ్ళ పెరట్లోకి వస్తాయని ఎప్పటి నుంచో తగాదా. ఏళ్ళ తరబడి ఈ రెండు ఇళ్ళ మధ్య మాట లేదు. ఆ గోడ మీదుగా తిట్లు తప్ప ఏవీ దాటగా నేను చూడలేదు.

ఇప్పుడు ఆ గోడ మీద, నెత్తిన గోనెసంచి కప్పుకుని, ఆమె తల కనిపించింది.

"ఏంటి బాబూ, మిషను చప్పుడు ఆగింది?"

"బ్యాటరీ అయిపోయిందండీ."

"మొన్నేగా పెట్టింది?"

"చిన్నది తెచ్చానండీ. సరిగ్గా కనుక్కోకుండా తెచ్చాను."

ఆమె "ఉండు," అని వెళ్ళారు. పొడుగాటి వైరు చుట్టతో తిరిగి వచ్చి, ఒక కొసను గోడ మీదుగా, చూరు కిందుగా నాకు అందించారు.

"ఫ్రిజ్జు తీసేశాను, మిషనుకి సరిపోద్ది. తడవనీకు."

"అత్తయ్యకి చెప్పి వస్తానండీ."

"ఇప్పుడొద్దు. నా కరెంటని తెలిస్తే మీ అత్త పీకినా పీకుద్ది, అసలే రోషం మనిషి. ముందు ఆయనకి ఊపిరాడనీ. తర్వాత నిమ్మళంగా నువ్వే చెప్పు."

"చెబుతానండీ," అన్నాను.

వైరుకు తగిలించగానే మిషను మళ్ళీ గొణగడం మొదలుపెట్టింది. లోపల ఒక్కసారిగా ఆమేన్ అన్నారు. కళ్ళు తెరిచారు. మావయ్య పెదవుల రంగు మెల్లగా తిరిగి వచ్చింది. చచ్చిన బ్యాటరీని ప్రభువు లేపాడని ఎవరో అన్నారు, ఆ మాట గదంతా అల్లుకుంది. అత్తయ్య పరుగున వచ్చి నా తల మీద చేయి వేసి ఏడ్చింది. వైరు నా కాళ్ళ వెనకే ఉంది. నేను పక్కకు జరిగి ఉంటే చాలు, ఆమెకు కనిపించేది. జరగలేదు.

సాయంత్రం కరెంటు వచ్చాక వైరు చుట్టి గోడ మీదుగా ఇచ్చేశాను. ఎలా ఉన్నాడు అని మాత్రం సీతారావమ్మ గారు అడిగారు.

మర్నాడు పొద్దున, దారులు మూసుకుని అమ్ముడుపోని పాలు, రోజంతా చల్లదనం లేక విరిగిపోయి ఉంటే, ఆమె దొడ్లో పారబోశారు. అవి తూములోంచి తెల్లగా అత్తయ్య వాళ్ళ పెరట్లోకి వచ్చాయి. అత్తయ్య చీపురు పట్టుకుని గోడకేసి తిట్టింది: దేవుడు మా ఇంటిని చల్లగా చూశాడని కుళ్ళు, అందుకే కుళ్ళిన పాలు మా మీదకు వదిలింది. గోడ అవతల బిందెల చప్పుడు ఆగింది. నేను అక్కడే, పెరట్లోనే, పళ్ళు తోముకుంటూ ఉన్నాను. ఆ పాలు ఎందుకు విరిగాయో తెలిసినవాళ్ళం ఈ లోకంలో ఇద్దరమే.

ఇక అసలు తప్పు చెప్పాలి. ఇంతవరకూ చెప్పింది మౌనం. తర్వాత చేసింది మాట.

ఇంట్లో ఏ మేలు జరిగినా మా వాళ్ళు కృతజ్ఞత కూడిక పెడతారు. వీధిలో షామియానా, మైకు, అందరికీ భోజనం. మేలు పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పాలి. పాస్టరు గారు నన్ను పిలిచారు. నిజం చెప్పాలనే లేచాను. ఇది నేను ప్రమాణం చేసి చెప్పగలను. కానీ మైకు చేతికి వచ్చేసరికి, నా ఎదుట కూర్చున్న ముఖాలన్నీ నా చదువును చూసి వెలుగుతున్నాయి. చిన్న బ్యాటరీ తెచ్చాను, సిలిండరు నేనే తీయించేశాను, మావయ్యను దాదాపు చంపాను అని ఆ ముఖాలకు చెప్పాలి. నా నోరు వేరే మాట చెప్పింది. బ్యాటరీ ఎంచుకునే ముందు ప్రార్థించానని చెప్పాను. ప్రార్థించలేదు. ఊరంతా చీకటైనా, గోడ అవతలి ఇల్లు కూడా చీకటైనా, ఈ ఇంట్లో మాత్రం వెలుగు ఆరలేదని చెప్పాను. చప్పట్లు కొట్టారు. మైకు గొట్టం స్తంభానికి కట్టి ఉంది. దాని మూతి గోడ వైపు ఉంది.

ఆమె విన్నారు. వినకుండా ఉండటానికి వీల్లేదు.

ఆ మర్నాడు బస్సు కోసం వెళ్తుంటే పాల క్యాన్లతో ఎదురయ్యారు. ఆమె నన్ను చూసి, మావయ్య కాస్త అన్నం తింటున్నాడా అని అడిగారు. తింటున్నాడండీ అన్నాను. సరే, చినుకులు పడుతున్నాయి, త్వరగా వెళ్ళు అన్నారు. ముఖంలో వ్యంగ్యం కోసం వెతికాను. కోపం కోసం వెతికాను. ఏదైనా ఒకటి దొరికితే నాకు సులువుగా ఉండేది. దొరకలేదు. ఒక మనిషిలో అంత మౌనం ఎలా పడుతుంది? ఏ దుకాణంలోనూ చూడని నిలవ అది.

నేను ఏమీ చేయలేదని కాదు. ఇలాంటివాటికి జోడు ఉండాలట అని అబద్ధమాడి, పెద్ద బ్యాటరీ మరొకటి తెచ్చి పెట్టించాను. సిలిండరు తిరిగి తెప్పించాను. ఆ తర్వాత బ్యాటరీ గురించి ఎవరు సలహా అడిగినా, మిషను వెనక ఏం రాసుందో ముందు చూసి రండి అని చెబుతున్నాను. ఎంత జాగ్రత్తపరుడో అని మెచ్చుకుంటున్నారు. ప్రమాదాన్ని సరిచేశాను. అబద్ధాన్ని అలాగే ఉంచాను.

మావయ్య ఆ తర్వాత చాలాకాలమే ఉన్నాడు. జబ్బు ముదిరి ఆసుపత్రిలో పోయాడు. సమాధికి తీసుకెళ్తున్నప్పుడు సీతారావమ్మ గారు పేట మొదట్లో, రోడ్డు పక్కన, కొంగు నెత్తి మీదకు లాక్కుని నిలబడి ఉన్నారు. అత్తయ్య చూసి, ఈమెకేం పని ఇక్కడ అంది, ముఖం తిప్పుకుంది. నేను పాడె మోస్తున్నాను. ఒక్క మాటతో అత్తయ్య నడక ఆగేది. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ రోడ్డు మీదే ఒకరినొకరు పట్టుకుని ఏడ్చేవారేమో. లేదా అత్తయ్య నమ్మేది కాదేమో. నాకు తెలియదు. తెలుసుకునే హక్కు వాళ్ళిద్దరిదీ. దాన్ని నా దగ్గర ఉంచుకున్నాను.

దేవుడు ఆ రోజు ఆ ఇంట్లో లేడని నేను అనడం లేదు. ఆయన ఏ దారిన వచ్చాడో చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. వచ్చిన దారిని మూసి, నా వైపు చేయి చూపించుకున్నాను. దీన్ని ఏ పేరుతో పిలవాలో తెలిసినా రాయలేకపోతున్నాను.

ఇంకా ఎవరితోనూ చెప్పలేదు. అత్తయ్య ఉంది, సీతారావమ్మ గారు ఉన్నారు, తూము నీళ్ళ తగాదా ఉంది. ఇది అచ్చయితే మా పేటలో ఎవరో ఒకరు అత్తయ్యకు చదివి వినిపిస్తారు. అప్పుడు ఏమవుతుందో ఊహించలేను. క్షమించమని అడగడానికి కూడా సిద్ధంగా లేను; అడిగితే సీతారావమ్మ గారు ఏమీ ఎరగనట్టు అన్నం తిన్నావా బాబూ అంటారు, నేను తట్టుకోలేను.

నా పేరు రాసుకునే ధైర్యం రాలేదు. ఆమె పేరు మాత్రం మార్చలేదు. ఆ తుఫాను రోజున మా మావయ్య పీల్చిన గాలి సీతారావమ్మ గారి ఇంటి కరెంటుతో వచ్చింది. ఈ వాక్యం రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. రాశాక దాన్ని మళ్ళీ ఒకసారి చదువుకున్నాను. ఊపిరి కాస్త లోతుగా అందుతోంది.