ఊరెళ్లినవాళ్లకి నేనిచ్చిన ఆయుష్షు

కలకత్తా గార్డెన్ రీచ్‌లో మా సందుకి టీబీ పరీక్షల బండి రావాలా వద్దా అన్నది ఆరోగ్య సర్వేలో పనిచేసే నా లెక్క మీద పడింది. మా మరణాల రేటు నగరం కన్నా ఎక్కువుంటే వస్తుంది, లేకపోతే వేరే వార్డుకి పోతుంది. మా మావయ్య నెలన్నరగా దగ్గుతున్నాడు. ఆస్పత్రికి రమ్మంటే డాక్‌లో డ్యూటీ అంటాడు. దగ్గుకి మాత్రం సెలవుల్లేవు. బండి గుమ్మంలోకొస్తే లాక్కెళ్లి ఎక్కిస్తానని అత్త ధీమా.

మేం మనుషుల్ని లెక్కపెట్టం, వాళ్లు బతికిన కాలాన్ని కూడతాం. ఒక్కడు రెండేళ్లు బతికినా, నలుగురు ఆర్నెల్లేసి బతికినా కాగితానికి ఒకటే. పైన చావులు, కింద ఆ కాలం. భాగించాను. మా సందు రేటే తక్కువొచ్చింది. ఈ తేడా కాకతాళీయం కాదని గణాంకాల టెస్టు కూడా సంతకం పెట్టింది.

సంతోషించాల్సింది. కుర్చీలో కూర్చోలేకపోయాను. టీకి లేచాను, నీళ్లకి లేచాను, ఏ పనీ లేకుండా కూడా లేచాను. రోజూ గోడవతల ఆ దగ్గు వింటూ, మా సందు ఆరోగ్యధామమని తేల్చానా?

సాయంత్రం రిజిస్టరు పట్టుకుని అత్త దగ్గరికెళ్లాను. ‘ఊరెళ్లారు’ అని రాసున్న పేర్లు చదివాను. వాళ్ల చావు ఎక్కడా నమోదవలేదు కాబట్టి సర్వే చివరి రోజుదాకా అందరికీ బతికిన కాలం వేసేశాను.

"వీళ్లెప్పుడొస్తారత్తా?"

అత్త చేపలు తోమడం ఆపలేదు. "ఏటొస్తారు బావు? దగ్గులో నెత్తురు పడ్డాకే గదా హౌరాలో రైలెక్కించీసినాం. సొంతూళ్లో పోవాలని."

"మరి సర్వేకొచ్చినప్పుడు చెప్పలేదేం?"

"ఎక్కడున్నారని అడిగినావు, ఊరెల్లినారని సెప్పినాం. బతికున్నారా అని అడిగినావేటి?"

అడగలేదు. మా తాతనీ అలాగే పంపాం. ఆయన సంచీ మోసింది నేనే.

వారంపాటు వాళ్ల శ్రీకాకుళం ఊళ్లకి ఫోన్లు చేశాను. ఎప్పుడు పోయారని అడిగే ముందు మీరంతా బాగున్నారా అనేవాణ్ని, మర్యాద కోసం. పైన చావులు పెరిగాయి. కింద నేను దానం చేసిన కాలం కరిగింది. రేటు నగరాన్ని దాటింది. టెస్టు ఏ సిగ్గూ లేకుండా ఈసారి దీనికీ సంతకం పెట్టింది. మా ఆఫీసు పెద్దాయన కొత్త లెక్క రెండుసార్లు చూసి, "ఎల్లుండి బండి పంపుతాం" అన్నాడు.

పరుగున వస్తే అత్త గుమ్మంలో మావయ్య సంచీ. దాని మీద రేపటి రైలు టికెట్టు.

"పొద్దున నెత్తురు పడింది," అంది అత్త, నావైపు చూడకుండా.

"ఎల్లుండిదాకా ఆగు మావా. ఇది మందులకి తగ్గే జబ్బు."

"నానెల్లిపోతే నీ లెక్క పాడైపోద్దేటి?"

"పాడవదు. ఇప్పుడు ఊళ్లకీ ఫోన్ చేస్తున్నాం. తప్పించుకోలేవు."

నవ్వబోయి దగ్గాడు. అత్త సంచీ విప్పలేదు. గుమ్మంలోంచి తీసి మంచం కిందకి తోసింది. బండి వచ్చేదాకా నా కళ్లు ఆ సంచీ మీదే ఉన్నాయి.