ఒకటో నంబరు మా అత్తమ్మకే

కరోనా మా ఇంట్ల ఒక్క అత్తమ్మనే పట్టుకున్నది. సూరత్‌ల ఇంతమంది ఉండంగ ఆమెనే ఎందుకు పట్టుకున్నదో ఏమో! మేడ మీది అర్రల ఒక్కతే ఉండాలె అన్నడు డాక్టర్. జరం తొందర్నే దిగింది గని, తిండి బందు పెట్టింది. తలుపు కాడ గిన్నె పెడితే పెట్టినట్టే వాపస్ వస్తున్నది. బాగైనంక డుమస్ సముద్రం ఒడ్డుకు పోయి టమాట భజియాలు తిందామని ఆశ పెట్టినా వినలే.

"అందరు తినేది చూడకుంట నాకు ముద్ద దిగదే," అన్నది ఫోన్ల. తినకుంటే దవాఖానల చేర్పించాలె అన్నడు డాక్టర్. ఆ రోజుల్ల దవాఖానకు పోయినోళ్లు మళ్ల ఇల్లు చేరుతరో లేదో తెల్వకపోతుండె.

మా సాంచాలు, అవే కరెంటు మగ్గాలు, అప్పటికే బందున్నయ్. మగ్గాల మీద కన్నేసి ఉంచనీకి కారఖానల పెట్టిన కెమెరాను మా ఆయన పీక్కొచ్చి వంటింట్ల గోడకు బిగిచ్చిండు. అత్తమ్మ ఫోన్ల మా బువ్వ బంతి కనవడ్డది. ఆ పూట కడుపునిండ తిన్నది. మా పానం లేచొచ్చింది.

ఎక్కడ! తెల్లారి జరసేపు కరెంటు పోయొచ్చింది, నెట్టుల కెమెరా అడ్రసు నంబరు మారింది. ఇంట్ల అందరికి నెట్టు పంచే డబ్బా, అదే రూటర్, కరెంటు పోయొచ్చినప్పుడల్ల ఒక్కో ఫోనుకు, కెమెరాకు చేతికొచ్చిన నంబరు ఇస్తది. ఫోనేమో పాత నంబరు కాడ్నే దేవులాడుతది. అత్తమ్మకు నల్ల తెర, మాకు నిండు గిన్నె.

ఎవరి నంబరు వాళ్లకు మారకుంట పక్కా చెయ్యొచ్చని వీడియోలు చూసి నేర్చుకున్న. నేర్చుకున్నంక ఊకుంటనా? కెమెరా ఒక్కదానికి చేస్తే అయిపోవు. అన్నిటికీ పెద్ద చిన్న లెక్కన పంచిన. మా ఇంట్ల చాయ్ పోసినా, కొత్త బట్ట పెట్టినా ముందుగాల అత్తమ్మకే. గందుకే ఒకటో నంబరు ఆమె ఫోనుకు, రెండోది మా ఆయనకు, తర్వాత నాకు, పిల్లలకు, అన్నిటికన్న ఎనుక కెమెరాకు. నేను మెట్ల మీద నిలవడి ఒర్రుకుంట చెప్తుంటే ఆమె పైన తన ఫోన్ల నొక్కింది. "ఒకటి నాదేనా?" అని మురిసింది.

అంతే, ఇల్లంత నెట్టు పోయింది. ఆన్‌లైన్ క్లాసు ఆగిందని పిల్లలు ఎగిరిన్రు. "నీకెందుకే గీ సోకు?" అన్నడు మా ఆయన. నాకు ఒళ్లు మండింది. "అయితె నువ్వే చెయ్!" అన్న. మళ్ల వీడియో చూస్తె తెలిసింది, ఒకటి రూటర్‌దట. ఇద్దరు ఒక్క నంబరు మీద కూసుంటె ఇల్లు నడుస్తదా?

మళ్ల మెట్లెక్కిన. "అత్తమ్మా, అందరం తలొక నంబరు కిందికి జరుగుతున్నం. నువ్వు రెండు పెట్టు."

"నేనుండంగ ఒకటో నంబరు ఎవల్దే?"

"గోడకున్న డబ్బాది."

"ఏందీ! ఆ డబ్బా నాకన్న పెద్దదా?"

"అందరికి పంచిపెట్టేది గదే కద అత్తమ్మా."

"సరే, నేను దిగొచ్చేదాంక ఉండనియ్," అన్నది.

పరీక్షకు నేనే కరెంటు మెయిన్ బందు చేసి మళ్ల వేసిన. నంబరు కదలలే! పగటి బువ్వకు అందరికి వడ్డించి పొయ్యి కాడ నిలవడ్డ. ఫోన్ మోగింది.

"అందరు కనవడుతున్నరా? ఇగ తిను," అన్న.

"అందరేడున్నరే? బంతిల నువ్వు లేవు. ఎప్పుడూ నేను లేచిపోయినంకనే నువ్వు తింటివి. నువ్వు తినంగ ఒక్కనాడు చూడలే నేను. కంచం పెట్టుకొని కూసో. నువ్వు నోట్ల ముద్ద పెట్టినంకనే నేను పెడత."

కూసున్న. ఏడుపు ఆగలే నాకు. "ఏడ్వకుంట తిను, బెండకాయ ఇంకింత ఏసుకో," అని పైనుంచి ఒర్రుతనే ఉన్నది.