చూడని ముఖాలు గీసిన పక్కింటాయన

మా పక్కింటి బొమ్మలాయన పోయాడని కోడలు ఫోన్ చేసినప్పుడు నేను హౌగాంగ్‌లో మా మేనకోడలి ఇంట్లో పెసరట్టు తింటున్నాను. "మామయ్యా, పక్కింటి అంకుల్ నిద్రలోనే పోయారంట," అంది. "నాకు చెప్పకుండానా?" అన్నాను. వేళాకోళానికి అలవాటైన నోరు. ఆ తర్వాత ప్లేటు పక్కకి జరిపాను.

సింగపూర్ బెడోక్‌లో మా ఫ్లాటుకీ ఆయన ఫ్లాటుకీ మధ్య ఒకటే గోడ. తెల్లాయన. నాకంటే మూడేళ్లు పెద్దవాడైనా నన్ను అంకుల్ అనేవాడు, నేను దొరగారూ అనేవాణ్ణి. కుర్రతనంలో పెద్ద చిత్రకారుడు కావాలనుకున్నాడట. సముద్రం బొమ్మలు వేస్తే ఎవరూ కొనలేదు. దాంతో కథల పుస్తకాలకు బొమ్మలు గీసి బతికాడు. కథ రాసినవాళ్ల కాగితాలు పోస్టులో వచ్చేవి, వాటిలోని మనుషుల్ని ఈయన గీసి పంపేవాడు. భార్యకి ఇక్కడ ఉద్యోగమొస్తే వెంట వచ్చాడు. ఆవిడ పోయినా ఉండిపోయాడు. ఏది ముందో ఏది వెనకో, ఆయన కథ నాకిప్పటికీ కలగాపులగమే. "నలభై ఏళ్లు చూడని మనుషుల్నే గీశాను," అన్నది మాత్రం బాగా గుర్తు.

"అయితే మా ఆవిణ్ణి గీయండి చూద్దాం," అన్నాను ఓ రోజు, వేళాకోళానికే. ఆమె ఇరవై ఆరేళ్లకే పోయింది. ఉన్న ఒక్క పెళ్లి ఫోటో తుఫాను నీళ్లలో పోయింది. మా అబ్బాయికి అప్పుడు ఏడాదిన్నర. తల్లి ముఖం వాడికి తెలియదు. దొర నవ్వలేదు. లోపలికెళ్లి పెన్సిళ్ల పెట్టె తెచ్చాడు.

రోజూ పొద్దున్నే హాకర్ సెంటర్లో, తిండి దుకాణాల మధ్య, ఆ పెట్టె పెట్టి టేబుల్ చోప్ చేసేవాడు, ఇంకెవరూ కూర్చోకుండా. పెన్సిల్ బ్లేడుతో చెక్కేవాడు. తినే రొట్టెలోంచి మెత్తటి ముక్క తుంచి, నలిపి, దాంతోనే గీతలు తుడిచేవాడు. నేను వచ్చేపోయే ఆడవాళ్లను చూపించి ఆ ముక్కు, ఈ నుదురు అంటుంటే నూడుల్స్ అమ్మే ఆంటీ పట్టేసింది.

"ఏంటి అంకుల్, నా గడ్డం కూడా కావాలా? ఊరికే చూడకూడదు లా, నూడుల్స్ కొను," అంది, ఇక్కడివాళ్ల "లా" తగిలించి.

"వద్దులే ఆంటీ, దాన్ని చూసి మీ ఆయనే భయపడతాడు."

దొర తల ఎత్తాడు. "ముక్కు సంగతి వదిలెయ్, అంకుల్. మీ ఆవిడకి కోపమొస్తే ఏం చేసేది?"

"మాట్లాడేది కాదు. నా వైపు చూడకుండా అన్నం వడ్డించేది."

"అది చెప్పు ముందు. మనిషి అలవాటులో ఉంటాడు, ముక్కులో ఉండడు."

పదకొండు బొమ్మలు గీశాడు. అన్నిటికీ కాదన్నాను. కొన్ని నిజంగానే కాదు. కొన్నిటికి ఊరికే అన్నాను. కాదంటే ఆయన చెవులు ఎర్రబడేవి, అది చూడ్డం నాకు సరదా. పదకొండోది చూపించినప్పుడు గుండె ఝల్లుమంది. కానీ నోరు ముందే "కాదు" అనేసింది. ఆయన బొమ్మ వదిలేసి నన్నే చూశాడు. "నిద్రపోయి లేచి ఆలోచించు. వారం తర్వాత చెప్పు," అన్నాడు. మర్నాడు నేను హౌగాంగ్ వెళ్లాను. వారం తిరక్కుండానే కోడలి ఫోన్ వచ్చింది.

ఒక్కసారి అవునని ఉంటే ఆయన ప్రాణం ఎంత సంబరపడేదో. ఎవరి భార్య కోసమో అన్ని పొద్దుటిపూటలు నాకిచ్చాడు.

ఆయన కూతురు విమానమెక్కి వచ్చి, ఆ కాగితాలన్నీ ఒక కవర్లో పెట్టి నా చేతికిచ్చింది. వరస లేదు. మంచం మీద పరిచాను. చివరిది ఏదో పోల్చుకోలేకపోయాను. ఇప్పుడు ఏది చూసినా ఝల్లుమంటోంది. మొదట్లో నిజంగా కాదన్నవి కూడా ఆమెలాగే ఉన్నాయి. ఆమె మారిందో, నా జ్ఞాపకం మారిందో, అప్పుడు నేను సరిగ్గా చూడలేదో, మీరే చెప్పండి.

అబ్బాయి ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నాన్నా, వీటిలో అమ్మ ఏది?"

వాణ్ణి ఆటపట్టించడానికి ఒక్క మాటా దొరకలేదు. "తెలీదురా," అన్నాను.

వాడు లోపలికొచ్చాడు. ఒక కాగితం తీసుకుని బీరువా అద్దం ముందు నిలబడ్డాడు. బొమ్మను తన చెంప పక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని మెల్లగా మంచం మీద పెట్టి, రెండోది తీశాడు.