కూర్చుని చెప్పిన జవాబు

ఫ్రిజ్ తలుపు తెరవగానే మొహానికి తగిలే చల్లగాలి, దాంతో వచ్చే మందుల వాసన నాకు ఇప్పటికీ గుబులు పుట్టిస్తాయి. నెల్లూరులో ఒక ఆసుపత్రి మందుల స్టోరు చూసుకుంటున్నాను కనుక రోజూ తెరవక తప్పదు. తెరిచినప్పుడల్లా ఆత్మకూరు రంగయ్య శెట్టిగారు గుర్తొస్తారు.

తొంభైల్లో ఆత్మకూరులోని ఆయన మందుల హోల్‌సేల్ కొట్లో నేను కంప్యూటర్ ఆపరేటర్ని. ఉదయగిరి, వింజమూరు, కలువాయి దాకా డాక్టర్లకూ షాపులకూ సరుకు మా దగ్గర నుంచే వెళ్లేది. శెట్టిగారికి నోరు దురుసు, మనసు వెన్న. అడిగిన మందు లేదని తెలిసినా సరే, లోపలికి వెళ్లి అరలన్నీ చూసి వచ్చాకే ఆ మాట చెప్పేవారు. "మందు కోసరం అడిగినోళ్లకి కూర్చోని జవాబు చెప్పగూడదు మేరీ. లేచి చూసి చెప్పాల" అనేవారు.

కంప్యూటర్ వచ్చాక ఆ నడక తగ్గింది. బజారులో మొదటి కంప్యూటర్ మాదే. పొద్దున్నే దానికి బొట్టు పెట్టి, అగరుబత్తి వెలిగించేవారు. ఏళ్లు గడిచాయి. రిపేరుకు వచ్చిన ఇంజనీరు, ఈ డాస్ ప్రోగ్రాంకు కాలం చెల్లిందనీ, అది సంవత్సరంలో చివరి రెండంకెలే చూస్తుంది కనుక రెండు వేల సంవత్సరం వస్తే తారీఖులు తలకిందులవుతాయనీ, సరిచేసిన ప్రోగ్రాం ఈ పాత మిషను మీద నడవదనీ చెప్పి చూశాడు. శెట్టిగారు కొట్టిపారేశారు.

"దున్నే ఎద్దును ఎవడన్నా అమ్ముకుంటాడా? ఆ సంవత్సరం రానీ, చూస్తాం."

నాకూ సబబుగానే తోచింది. ఆ సంవత్సరం క్యాలెండరు కంటే ముందే మందు సీసాల మీదికి వస్తుందని మాలో ఎవరికీ తట్టలేదు.

ఒక మధ్యాహ్నం ఉదయగిరి నుంచి డాక్టరుగారు ఫోన్ చేశారు. కొండ కింద గడ్డి కోస్తున్న ఒకామెను పాము కరిచిందట. జీపులో నెల్లూరు పంపిస్తున్నాననీ, విషానికి విరుగుడు ఇంజెక్షన్లు ఉంటే దారిలో మీ కొట్టు దగ్గర జీపు ఆపించి, తోడు వచ్చే నర్సు చేత వేయిస్తాననీ అన్నారు. శెట్టిగారు తెర వైపు చూశారు. సున్నా.

"లేవు డాక్టరుగారూ. నేరుగా నెల్లూరుకే పోనీండి" అని కూర్చున్న చోటి నుంచే చెప్పారు.

ఆ జీపు మా కొట్టు ముందు నుంచే, ఆగకుండా వెళ్లింది. నెల్లూరు దారిలో సంగం చేరకముందే ఆమె ప్రాణం పోయింది.

కొన్నాళ్లకు ఫ్రిజ్ శుభ్రం చేస్తుంటే వెనక అట్టపెట్టెలో అవే ఇంజెక్షన్లు కనిపించాయి. రెండు వేల సంవత్సరం దాకా గడువున్న సరుకు మాకు రావడం అదే మొదలు. చివరి రెండు సున్నాలను చూసి కంప్యూటర్ అది పందొమ్మిది వందల నాటిదనుకుని, గడువు తీరిందని స్టాకులోంచి తీసేసింది. శెట్టిగారు ఆ పెట్టె ఒళ్లో పెట్టుకుని ఒక్కో సీసా మీది గడువు తేదీ చదివారు.

కొట్లో అందరూ వద్దన్నా వినకుండా, నన్ను తోడు తీసుకుని మర్నాడు ఉదయగిరి బస్సెక్కారు. ఆమె భర్త ఇంటి ముందు మేకలకు కొమ్మలు వేస్తున్నాడు. మంచం వాల్చి కూర్చోమన్నాడు. శెట్టిగారు కూర్చోలేదు. నిలబడే జరిగిందంతా చెప్పారు.

అతను కొమ్మ కింద పెట్టాడు. "దేవుడు పిలిచినాడనుకుంటా ఉండాను సార్. ఇప్పుడేమనుకునేది?"

శెట్టిగారు చేతులు జోడించారు.

ఆ నెలలోనే కంప్యూటర్ మారింది. అయినా కొట్టు మూసేదాకా ఆయన మళ్లీ కూర్చుని జవాబు చెప్పలేదు. ఇప్పుడు నా ముందున్నది కొత్త మిషనే, తెలివైనదే. తెర మీద సున్నా కనిపిస్తే మాత్రం లేచి వెళ్లి ఫ్రిజ్ తెరుస్తాను. నాది చాదస్తమని స్టోరులో పిల్లలు నవ్వుకుంటారు. నవ్వనీ. ఉదయగిరిలో ఆ మనిషి అడిగిన మాట ఇంకొకరు నన్ను అడిగితే తట్టుకునే గుండె నాకు లేదు.