నీలి పూల అవిసె

అత్తగారు నాగోల్‌లో మా మరిది ఇంటికి వెళ్లొచ్చిన ప్రతిసారీ నాకు ఉక్రోషంగా ఉండేది. ఆవిడ ఉండేది ఎల్బీనగర్‌లో మా దగ్గరే. భోజనం, మందులు, దవాఖాన అన్నీ చూసుకునేది నేనే. కానీ నేను కోస్తా పిల్లని. తోడికోడలిది అత్తగారి నల్లగొండ వైపే. ఆమెను "బిడ్డా" అని పిలిచేవారు, నన్ను "ఏమమ్మా" అనేవారు.

తోడికోడలు ఇంట్లోనే లినెన్ చీరలు అమ్మేది. ఒకసారి నా ముందే అత్తగారు ఒక చీర కొంగును వేళ్ల మధ్య నలిపి, "గిది దేంతోని నేస్తరు బిడ్డా?" అని అడిగారు.

"అవిసె నారతోని అత్తమ్మా. మనం పొడి కొట్టుకుంటమే, గా అవిసెలే. చెట్టు కాడల్లకెల్లి నార తీస్తరు."

ఇక అత్తగారి మాటలు ఆగలేదు. చిన్నప్పుడు వాళ్ల చేలో అవిసెలు వేసేవారట. పొద్దున చేనంతా నీలంగా ఉండేదట, మధ్యాహ్నానికి రేకులన్నీ రాలిపోయేవట. మా ఇంట్లో ఇన్నేళ్లుండి ఆ చేను ఊసు నా దగ్గర ఒక్కసారైనా ఎత్తలేదు.

చలి మొదలవగానే దిల్‌సుఖ్‌నగర్ కిరాణా కొట్టులో అవిసెలు కొని, మేడ మీద కుండీల్లో చల్లాను. ఎవరికీ చెప్పలేదు. ఒక పొద్దున పూలు విచ్చాయి. అత్తగారిని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాను.

ఆవిడ కుండీ పక్కన కూర్చుని ఒక పువ్వును వేలితో తాకారు. కళ్లు చెమర్చాయి. నా వైపు తిరిగారు.

"చిన్నదానికి ఫోన్ చెయ్యమ్మా. జల్ది రమ్మను. రాలిపోతయి మల్ల."

చేశాను. ఆమె స్కూటీ మీద వచ్చేసింది. టీ పెట్టే వంకతో నేను కిందికి దిగాను. వాళ్ల నవ్వులు వంటింటి దాకా వినిపించాయి.

గింజలు ముదిరాక అత్తగారు కాడలు బకెట్లో నానబెట్టించారు. ముక్కు మూసుకుని ఆ కుళ్లు నీళ్లు మార్చింది నేనే. కాడలు ఎండాక ఆవిడ కర్రతో కొట్టి, గుప్పెడు నార తీసి, తొడ మీద పేని సన్నటి తాడు చేశారు. మొత్తం తోడికోడలికే ఇచ్చారు, చీరల దగ్గర వేలాడదీసుకొమ్మని.

నా మొహం చూశారేమో, "నీకేందమ్మా, నేనే నీ తాన ఉన్న గద" అన్నారు.

అంతకంటే మంచి మాట ఆవిడ నాతో ఎప్పుడూ అనలేదు. అయినా నాకు ఆ తాడే కావాలనిపించింది.