బావ పెంచిన బార్లీ గడ్డి

కరోనాకు బట్ట నేసే సాంచాలు బందయ్యాక, వాటి మీదే బతికే మా బావ నవాగామ్‌లోని అద్దె గదిలో ట్రేల నిండా బార్లీ గడ్డి పెంచాడు. దాని రసం తాగితే కరోనా రాదని డబ్బున్నవాళ్లుండే అడాజన్ ఫ్లాట్లలో అమ్మేవాడు. మిగిలిన గ్లాసు కడుపుతో ఉన్న మా అక్కకు తాగించేవాడు.

కొన్నాళ్లకు ఆకుల మీద తెల్లటి బూజు లేచింది. పురుగుమందుల షాపులో అడిగి మందు తెచ్చి కొడితే పోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ అదే మందు కొట్టాడు. చివరికి ఎంత కొట్టినా బూజు చావలేదు. అది ఆ మందుకు అలవాటు పడిపోయిందని, అసలు తాగే గడ్డికి మందేమిటని షాపాయన ఫోన్‌లో మొత్తుకున్నాడు.

"వానికేం తెల్సు? డబల్ డోస్ కొడితే అదే సస్తది," అన్నాడు మా మహా శాస్త్రవేత్త.

ఆ సాయంత్రం కూడా గ్లాసు పట్టుకుని అక్క దగ్గరికొచ్చాడు. నాకు ఒళ్లు మండి లాక్కున్నాను.

"గంత మంచిదైతే ముందు నువ్వు తాగు బావా."

"నాకు గ్యాస్ అయితది."

"పొద్దుగాల్నుంచి తిన్న శనగపిండి ఫాఫ్డాకు కాలేదా గ్యాసు?"

బావ గ్లాసు వంక చూశాడు. బయట ఎన్నడూ గడ్డం కిందనుంచి కదలని మాస్కును ఇంట్లో నోరూ ముక్కూ మూసేలా పైకి లాక్కున్నాడు. అక్క లేచి నా చేతిలోని గ్లాసు తీసుకుని రసాన్ని మోరీలో పోసింది.