మట్టిరంగు కార్డు మీది ముఖం

నగల దుకాణంలో మాట్లాడటానికి కూడా శిక్షణ ఉంటుందని పెద్దక్కకు ఇరవై రెండేళ్ళ నౌకరీ తర్వాత తెలిసింది.

ఒక సోమవారం ఉదయం, షట్టరు ఇంకా సగమే ఎత్తి ఉండగా, పెద్దాఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. కౌంటర్ల వెనక పనిచేసే పదకొండు మందినీ వరుసగా నిలబెట్టి, కొనేవాళ్ళు మారిపోయారని చెప్పింది. "వాళ్ళిప్పుడు నగ ఒక్కటే కొనట్లేదు, మనశ్శాంతి కూడా కొంటున్నారు. ఈ బంగారం కోసం ఏ నది పాడైంది, ఈ రాయి ఎవరి చేతుల్లోంచి వచ్చింది అని అడుగుతారు. మీరు తడబడకూడదు."

"అయితే తరుగు తగ్గించమని అడగడం మానేస్తారా అమ్మాయ్?" అన్నాడు వెండి కౌంటరు ముసలాయన. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వేసి, పెట్టెలోంచి కార్డుల కట్ట తీసింది.

మట్టిరంగు కార్డులు. పాత కాగితాలు నానబెట్టి చేసినవట, వేలికి గరుకుగా తగులుతున్నాయి. ఇకమీదట రాళ్ళు పొదిగిన ప్రతి నగతోనూ ఒక కార్డు ఇవ్వాలి. ఒక పక్క రెండు వాక్యాలు: "ఈ రాళ్ళకు సాన పట్టిన చేతులు క్షేమంగా ఉన్నాయి. ఇది మా మాట." రెండో పక్క ఫోటో. సాన ముందు కూర్చున్న ఒక మనిషి, ముక్కూ నోరూ కప్పిన తెల్లటి మాస్కుతో, కళ్ళెత్తి చూస్తున్నాడు.

పెద్దక్క కార్డును కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. ఎడమ కనుబొమ మధ్యలో తెగి రెండు ముక్కలైంది. రాయిని పట్టుకున్న బొటనవేలికి గోరు లేదు. ఆ గోరు ఊడిన రోజు గుడ్డ చుట్టింది తనే.

"ఏమైందక్కా?" అంది పక్కనున్న పిల్ల.

"ఏం లేదే. ఫోటో బాగా వచ్చింది," అంది పెద్దక్క.

ఆ దుకాణంలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. చిన్నయజమాని దగ్గర్నుంచి నేల తుడిచే ఆమె దాకా అందరికీ పెద్దక్కే. చూసి పోదామని వచ్చినవాళ్ళను కూర్చోబెట్టడం, అలిగిన అత్తకూ మొండి కోడలికీ ఒకే గాజు నచ్చేలా చేయడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. అంత మాటకారి, సొంత మనిషి విషయంలో ఏడు నెలలుగా ఒక్కరి చేత కూడా ఒక్క మాట అనిపించలేకపోయింది.

ఆమె భర్త పందొమ్మిదేళ్ళు రాళ్ళ షెడ్డులో సాన పట్టాడు. తిరిగే చక్రానికి రాయిని అదిమి అరగదీయడమే ఆ పని. నీళ్ళు పోస్తూ అరగదీస్తే దుమ్ము లేవదు, కానీ పని నెమ్మదిస్తుంది. అందుకని మేస్త్రీ నీళ్ళు పోయనిచ్చేవాడు కాదు. సాయంత్రానికి షెడ్డులోంచి బయటికొచ్చే మనుషులు పిండిమర నుంచి వస్తున్నట్టుండేవాళ్ళు. ఆ పిండి ఊపిరితిత్తుల్లో చేరి గట్టిపడిపోయిందని డాక్టరు చెప్పాడు. ఇప్పుడతను పడుకోలేడు. మోకాళ్ళ మీద దిండు పెట్టుకుని దాని మీద వాలి కూర్చుంటాడు. వాళ్ళుండే గది మూడో అంతస్తులో ఉంది. ఇనప మెట్లు ముప్పై ఒకటి. దిగాలంటే ఒకరు మొయ్యాలి, అందుకే దిగడం మానేశాడు.

కార్మికుల ఆస్పత్రిలో సాన పనివాళ్ళకు ఇంట్లో పెట్టుకునే శ్వాస యంత్రం ఉచితంగా ఇస్తారు. సాన పనివాడేనని రుజువు కావాలి, అంతే. ఆ 'అంతే' దగ్గరే ఆగిపోయింది. షెడ్డులో హాజరు పుస్తకం లేదు. మేస్త్రీ తలలు లెక్కపెట్టి ఊరుకునేవాడు. పెద్దక్క వెళ్ళి అడిగితే, పందొమ్మిదేళ్ళు తన ఎదురుగా కూర్చుని టీ తాగిన మనిషి గురించి, "ఎవరమ్మా అతను?" అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె మెట్లు గబగబా ఎక్కింది. "ఏమయ్యా, ఇదెవరో చెప్పు చూద్దాం."

అతను కార్డును కిటికీ వెలుగులోకి పట్టుకున్నాడు. "ఎవడో అందగాడిలా ఉన్నాడే."

"సగం ముఖం మూస్తే అందరూ అందగాళ్ళే."

అతను నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. అది తగ్గేదాకా ఆమె వీపు మీద చెయ్యి వేసి ఆగింది. తర్వాత అతను ముక్కలు ముక్కలుగా చెప్పాడు. మూడేళ్ళ కిందట కెమెరాతో ఒకడొచ్చాడు. నేల కడిగించాడు. ఆ ఒక్క పూటకు సాన మీద నీళ్ళు పోయించాడు. ఎవరి కళ్ళు బాగున్నాయో చూసి తనను ఎంచాడు, మాస్కు తొడిగాడు. "నవ్వు పెద్దాయనా అన్నాడు. మాస్కు లోపల నవ్వితే నీకేం కనబడుద్దిరా అన్నాను. ఫోటో అయిపోయాక మాస్కు తీసి... కవర్లో పెట్టుకుని పోయాడు."

"పోతే పోనీ," అంది పెద్దక్క. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. "ఇదే మన రుజువు. వాళ్ళంతట వాళ్ళే అచ్చేసి ఇచ్చారు."

ఆస్పత్రి గుమాస్తా మంచివాడే. కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. "మాస్కుందిగా అమ్మా. ఇది మీ ఆయనేనని ఎలా చెప్పను?"

"కనుబొమ చూడండి బాబూ. గోరు చూడండి."

"నేను చూస్తాను. పైవాళ్ళు చూడరు. ఇతను మా రాళ్ళకు పనిచేసినవాడే అని మీ దుకాణం చేత ఒక్క ముక్క రాయించుకు రండి. ఆ రోజే యంత్రం పంపిస్తాను."

ఒక్క ముక్క. పెద్దక్క చిన్నయజమాని గదిలోకి వెళ్ళింది. అతను నిక్కర్లేసుకునే నాటినుంచీ ఆమెకు తెలుసు. "కూర్చో అక్కా" అని కుర్చీ చూపించాడు, చెప్పిందంతా విన్నాడు.

"ఆ ఫోటో ఉదాహరణకి వేసింది అక్కా. అతనెవరో మాకెలా తెలుస్తుంది? షెడ్డు మేస్త్రీది. వాడు సరుకిస్తాడు, మేం తీసుకుంటాం."

"కార్డు మీద 'ఇది మా మాట' అని రాశారు కదా బాబూ?"

"మాట మాదే అక్కా. మనిషి మా మనిషి కాదు."

నాలుగు వారాలు ఆమె ఆ కార్డులు ఇస్తూనే ఉంది. రోజుకు అయిదు, ఆరు. నేర్పిన వాక్యాలు చెప్పి, భర్త ముఖాన్ని నగ పెట్టెలో పెట్టి మూత వేసేది. నది గురించి అడిగినవాళ్ళున్నారు. గని గురించి, చెట్ల గురించి అడిగినవాళ్ళున్నారు. ఒకాయన కార్డు కాగితం దేనితో చేశారని పావుగంట అడిగాడు.

ఒక మధ్యాహ్నం పొట్టి జుట్టు, కళ్ళజోడు ఉన్న ఒకావిడ వచ్చింది. నలభయ్యో పుట్టినరోజుకు తనకు తానే కెంపుల హారం కొనుక్కుంటోంది. కార్డును చాలాసేపు చూసింది. "ఈ మనిషి నిజంగా ఉన్నాడా, కంప్యూటర్లో చేసిన బొమ్మా?"

"ఉన్నాడమ్మా."

"బాగున్నాడా?"

శిక్షణలో ఆ ప్రశ్న లేదు. పెద్దక్క హారాన్ని ట్రేలో పెట్టింది. "నా మొగుడమ్మా," అంది. "బాగాలేడు."

తర్వాత ఆపుకోలేకపోయింది. గొంతు పెంచకుండా, ముఖం మీది నవ్వు చెదరకుండా, పైనున్న సీసీ కెమెరాకు చిక్కకుండా, నగను పొగుడుతున్నట్టే చేతులు కదిలిస్తూ మొత్తం చెప్పేసింది. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇంత అన్యాయమా? నేనేం చేయగలనో చెప్పండి."

"కంపెనీకి రాయండమ్మా. ఒక్కటే అడగండి. ఫోటోలో ఉన్నాయన మీ రాళ్ళకు పనిచేశాడా లేదా అని. వాళ్ళు అవునంటే మాకు చాలు."

ఆవిడ ఆ రాత్రే రాసింది. కానీ ఆ ఒక్క ప్రశ్న ఆవిడకు చాల్లేదు. కోపంలో నాలుగు పేజీలు రాసింది. ఇలాంటి షెడ్లతో వ్యాపారం ఆపకపోతే మీ గడప తొక్కం అని రాసింది, తెలిసినవాళ్ళందరి చేతా రాయించింది. అంత కాగితంలో పెద్దక్క అడగమన్న ప్రశ్న లేదు.

పన్నెండో రోజున మట్టిరంగు కార్డులన్నీ వెనక్కి తీసుకున్నారు. విషయం తెలిసిన వెంటనే ఆ షెడ్డుతో తెగతెంపులు చేసుకున్నామనీ, దానికీ తమకూ ఏ సంబంధమూ లేదనీ కంపెనీ అందరికీ తెలియజేసింది. మేస్త్రీ రేకులు విప్పుకుని పోయాడు. ముప్పై నాలుగు మంది పొద్దున్నే వచ్చి ఖాళీ నేలను చూసి వెళ్ళిపోయారు. సాన మీద నీళ్ళు పోయించండి అని ఎవరూ కంపెనీని అడగలేదు. ఆ మనుషులకు మందులిప్పించండి అని అడగలేదు. దుమ్ము మాకు అంటకూడదు అన్నారు. అంటకుండా చేశారు. ఈ లోకంలో మంచితనం చాలామటుకు చేతులు కడుక్కోవడం దగ్గరే ఆగిపోతుంది, ఆ నీళ్ళు ఎవరి ఇంట్లోకి పారుతున్నాయో చూడదు.

కొత్త కార్డులొచ్చాయి. ఫోటో లేదు, ఒక ఆకు బొమ్మ ఉంది.

కళ్ళజోడు ఆవిడ మళ్ళీ వచ్చింది. కౌంటరు మీదుగా పెద్దక్క రెండు చేతులూ పట్టుకుంది. "చూశారా! మనిద్దరం కలిసి సాధించాం." ఆవిడ సంతోషం అబద్ధం కాదు. ఆవిడ చెడ్డ మనిషైనా బాగుండేది, పెద్దక్కకు తిట్టుకోవడానికి ఒకరు దొరికేవాళ్ళు. ఆవిడ కెంపుల దుద్దులు తీసుకుని, "ఇవి మంచివేగా?" అంది.

"మంచివేనమ్మా," అంది పెద్దక్క.

పెద్దక్క ఉద్యోగం మాత్రం పోలేదు. "నువ్వు మాట్లాడితే జనం కొంటారక్కా, నిన్నెలా వదులుకుంటాం," అన్నాడు చిన్నయజమాని. కొత్త షెడ్డు నుంచి వచ్చే రాళ్ళ పెట్టెలు విప్పే పని కూడా అప్పగించాడు. కాగితం పొట్లాలు విప్పితే తెల్లటి పిండి వేళ్ళకంటుకుంది. అదీ నీళ్ళు పోయని సానే.

ఆస్పత్రి గుమాస్తా ఈసారి తల పట్టుకున్నాడు. "ఆ షెడ్డుతో సంబంధమే లేదని కంపెనీ చెప్పేసింది కదమ్మా. ఇక వాళ్ళేం రాస్తారు?" ఆమె కదలకపోవడంతో ఒక ఫారం తీసి ఇచ్చాడు. "ఆయనతో పనిచేసినవాళ్ళు ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఇక్కడ కింద సంతకం పెడితే ప్రయత్నం చేస్తాను."

ఆదివారం ఆమె ఆరు గుమ్మాలు ఎక్కింది. నాలుగు తెరుచుకోలేదు. అయిదో ఇంట్లో ఒకామె, "మా పొయ్యార్పింది చాలదా?" అని తలుపేసింది. ఆరోది బక్కోడి గది, సైకిళ్ళు బాగుచేసే కొట్టు వెనక. బక్కోడికి పని నేర్పింది ఆమె భర్తే.

తలుపు తెరుచుకుంది. కానీ బక్కోడు లోపలికి రమ్మనలేదు.

"ఎందుకొచ్చారో తెలుసు వదినా. పెట్టను."

"ఆయన నీకు పని నేర్పాడురా."

"నేర్పాడు. అందుకే తలుపు తీశాను. సంతకం పెట్టినోణ్ణి ఏ మేస్త్రీ గుమ్మం ఎక్కనివ్వడు. వాళ్ళంతా ఒకరికొకరు బావమరుదులు." మోచేతిలోకి దగ్గాడు. ఆ దగ్గు ఆమెకు తెలుసు. నాలుగేళ్ళ కిందట తన ఇంట్లో సరిగ్గా ఇలాగే మొదలైంది.

"ఎన్నాళ్ళ నుంచిరా?"

"అది వదిలేయండి. కొత్త షెడ్డు ఎక్కడో మీకు తెలుసంటగా? పెట్టెల మీద అడ్రసు ఉంటదిగా?"

ఆమె సంచీని చంకలోకి జరుపుకుంది.

"వదినా, మా పని మీ నోటి వల్లే పోయింది. నేనేం తిట్టలేదు. అడ్రసు చెప్పండి."

"అక్కడా అదే దుమ్మురా. నా చేతులకంటింది. ఇప్పటికే నీకు దగ్గొస్తోంది."

"దగ్గుతూ అన్నం తినొచ్చు వదినా. అన్నం లేకుండా దగ్గాలంటేనే కష్టం."

లోపల ముగ్గురు పిల్లలు గోడకానుకుని ఈ మాటలు వింటున్నారు. పెద్దక్క వాళ్ళను చూసింది. కాగితం కోసం సంచీ వెతికింది. ఫారం తప్ప మరొకటి లేదు. దాన్ని తలుపుకానించి, కింద ఖాళీగా ఉన్న చోట అడ్రసు రాసింది. బక్కోడు ఆ ముక్కను జాగ్రత్తగా మడత పెట్టి చింపుకుని, మిగతాది ఆమెకు తిరిగిచ్చాడు.

ఆమె మెట్లెక్కి వచ్చేసరికి భర్త దిండు మీంచి తలెత్తాడు. "పెట్టాడా?"

"లేదు."

"మరి ఇంతసేపు?"

"కొత్త షెడ్డు అడ్రసు అడిగాడు." చినిగిన ఫారం అతని ముందు పెట్టింది. "ఇచ్చాను."

అతను ఆ చినిగిన అంచును వేలితో తడిమాడు. తిడతాడేమోనని ఆమె చూసింది. తిడితే బాగుండుననీ అనుకుంది.

"కిటికీ పక్కన... కూర్చోమని చెప్పావా?"

"ఏంటి?"

"కిటికీ పక్కన. గోడ వైపు కూర్చుంటే... దుమ్మంతా మీదికే కొడుద్ది. నాకు తెలిసేసరికి... ఆరేళ్ళైపోయింది."

"చెప్పలేదు."

అతను కళ్ళు మూసుకున్నాడు. ఒక ఊపిరి తీసి, అది కుదరక, మరొకటి తీశాడు.

"పొద్దున్నే పో," అన్నాడు. "వాడు పనికి... పోకముందే."